‘స్పాట్ డెత్’ అన్నారు, మూడు గంటలు బతికే ఉన్నాడు

వానచినుకు:
ఇక్కడ ఇలాంటివి అడగొచ్చో లేదో తెలీదు. తమ్ముడు పోయి మూడు నెలలైంది. రాత్రి బైక్ మీద వస్తుంటే పక్క రోడ్డులోంచి దూసుకొచ్చిన కారు కొట్టింది. హెల్మెట్ ఉంది కానీ గడ్డం కింద బెల్ట్ పెట్టుకోలేదు, కింద పడేలోపే ఎగిరిపోయింది. నుదురు చిట్లి మొహమంతా రక్తం. మాకు మొదట వచ్చిన ఫోన్‌లో స్పాట్‌లోనే పోయాడన్నారు. అది నిజం కాదని తర్వాత తెలిసింది. రోడ్డు మీద 40 నిమిషాలు మాట్లాడుతూనే ఉన్నాడట. నీళ్లు అడిగాడట. ఎడమ భుజం లాగేస్తోందన్నాడట. చివరికి ఎవరో పుణ్యాత్ముడు తన కారులో వేసుకెళ్లి దగ్గర్లో ఉన్న ఆస్పత్రిలో దించాడు. అక్కడ నుదుటికి కుట్లు వేశారు, సెలైన్ పెట్టారు, తలకి స్కాన్ తీశారు, స్కాన్‌లో ఏమీ లేదు కాబట్టి కాసేపు చూద్దాం అన్నారు. రెండు గంటల తర్వాత ఒక్కసారిగా కంగారుపడి పెద్దాస్పత్రికి తీసుకుపొమ్మన్నారు. దారిలో పోయాడు. పోస్ట్‌మార్టంలో ప్లీహం (ఎడమ డొక్కలో ఉండే స్ప్లీన్) చిట్లింది, కడుపు నిండా రక్తం అని రాశారు.

మావాళ్లంతా తలరాత అంటున్నారు. నాకు ఒకటే ప్రశ్న తొలిచేస్తోంది, బతికేవాడా? ఓదార్పు వద్దు, నిజం చెప్పండి. అమ్మ అయితే ఒక్క మాటే పట్టుకుంది, నీళ్లడిగితే ఒక్కళ్లూ పొయ్యలేదట అని.

గేర్‌మార్చు:
చాలా బాధగా ఉందండీ. కానీ అడిగారు కాబట్టి చెప్తున్నా, ఆ కారువాడు స్పీడుగా రాకపోతే ఇదేమీ లేదు. ఆస్పత్రి గురించి ఇప్పుడు తవ్వుకుని ఏం లాభం, అక్కడికి చేరేసరికే సగం అయిపోయి ఉంటుంది.

నైట్‌డ్యూటీ:
గేర్‌మార్చు గారూ, ఒక్క నిమిషం. సగం అయిపోలేదు. అక్కడే తప్పు లెక్క మొదలవుతుంది.

వానచినుకు గారూ, నేను ఎమర్జెన్సీ వార్డులో నర్సుని, పద్నాలుగేళ్ల నుంచి. మీరు రాసింది రెండుసార్లు చదివాను. ఎడమ భుజం అన్న చోట ఆగిపోయాను. ప్లీహం చిట్లి రక్తం పైకి చేరి డయాఫ్రమ్‌ని, అంటే ఛాతీకీ కడుపుకీ మధ్య ఉండే కండరాన్ని, ఒరుసుకుంటే నొప్పి భుజం కొసన తెలుస్తుంది. భుజానికి దెబ్బే ఉండదు. బైక్ హ్యాండిల్ ఎడమ డొక్కలో గుచ్చుకున్న వాళ్లలో ఇది చూస్తుంటాం. ఇక నీళ్లు. అంత దాహం వేసిందంటే ఒంట్లో రక్తం తగ్గిపోతోందని శరీరం అరుస్తున్నట్టే. అంటే మీ తమ్ముడు తనకేమైందో తనే చెప్పాడు. వినేవాళ్లకి ఆ భాష తెలియలేదు.

రెండోది, వయసులో ఉన్నవాళ్లు మమ్మల్ని భలే మోసం చేస్తారు. పెద్దవాళ్లలో దాదాపు 5 లీటర్ల రక్తం ఉంటుంది. అందులో లీటరు పైన పోయినా కుర్రాళ్ల బీపీ మామూలుగానే కనిపించొచ్చు, రక్తనాళాలు బిగుసుకుని, గుండె వేగం పెంచి నెట్టుకొస్తాయి. పెరిగేది పల్స్, ఊపిరి. చేతులు చల్లబడతాయి, మనిషి చిరాగ్గా అటూ ఇటూ కదులుతాడు. 30 శాతం దాటాక బీపీ ధన్‌మని పడుతుంది. ఆ పడిపోవడాన్ని చూసి ‘ఉన్నట్టుండి సీరియస్ అయింది’ అంటారు. ఉన్నట్టుండి కాదు, గంట నుంచీ అవుతూనే ఉంది.

మూడోది నుదురు. తల చర్మానికి రక్త సరఫరా ఎక్కువ, చిన్న గాయమైనా భయంకరంగా కారుతుంది, అందరి కళ్లూ అక్కడికే పోతాయి. కనిపించే రక్తానికి కట్టు కడతాం, కనిపించని రక్తం కడుపులో నిండుతుంది. అందుకే గాయపడి వచ్చిన ప్రతి మనిషినీ ఒకే వరసలో చూడమని నేర్పుతారు: గొంతులో గాలి దారి, ఊపిరి, రక్తం, ఆ తర్వాతే తల. ముందు తలకి స్కాన్ అన్నారంటే వరస తప్పినట్టే.

వానచినుకు:
భుజం విరిగిందేమో అనుకుని ఎవరో తువ్వాలుతో చెయ్యి కట్టారట. చదువుతుంటే చేతులు వణుకుతున్నాయి. ఆగకుండా చెప్పండి.

కొత్తసర్జన్:
నైట్‌డ్యూటీ అక్క చెప్పినదానికి కొంచెం కలుపుతాను. ట్రామాలో, అంటే ప్రమాదాల్లో గాయపడినవాళ్ల వైద్యంలో, ట్రైనింగ్ అవుతున్నాను, నాకూ ఇంకా అన్నీ తెలియవు.

చావు ఎప్పుడొస్తుంది అన్నదాని మీద పాత లెక్క ఒకటుంది, 1983లో ట్రంకీ అనే సర్జన్ రాసింది. గాయాలతో పోయేవాళ్లలో సుమారు సగం మంది నిమిషాల్లోనే పోతారు, మెదడు నలిగిపోవడం, గుండె దగ్గర పెద్ద నాళం తెగడం లాంటివి, వాళ్లని ఏ ఆస్పత్రీ కాపాడలేదు, వాళ్లని కాపాడాల్సింది రోడ్డు, స్పీడు, హెల్మెట్. ఇంకో 30 శాతం కొన్ని గంటల్లో పోతారు, ఎక్కువగా రక్తం పోయి. మిగతా 20 శాతం రోజుల తర్వాత, ఇన్ఫెక్షన్ వల్లా, ఒక్కో అవయవం పనిచేయడం మానెయ్యడం వల్లా. ఇప్పటి అంకెలు దేశాన్నిబట్టి మారాయి కానీ ఆ మధ్య ముక్క మాత్రం ఎక్కడైనా ఉంటుంది. మీ తమ్ముడు అందులోవాడు. చిట్లిన ప్లీహం ఆపరేషన్‌తో తీసెయ్యగలిగేదే, అది లేకుండా మనిషి బతుకుతాడు. కొందరికి ఆపరేషన్ కూడా అక్కర్లేదు, కనిపెట్టి ఉంటే చాలు. కాబట్టి కాగితం చూడకుండా ఖాయంగా చెప్పలేను కానీ, మీరు చెప్పిన టైములు నిజమైతే బతికే అవకాశం బాగానే ఉండేది అనే నా అభిప్రాయం. ఓదార్పు వద్దన్నారు కాబట్టి రాస్తున్నాను.

గేర్‌మార్చు:
ఇలా చెప్పి ఆవిడ్ని ఇంకా ఏడిపించడం అవసరమా? ఏ డాక్టరైనా కావాలని చంపుతాడా?

కొత్తసర్జన్:
కావాలని ఎవరూ చెయ్యరన్నా. అసలు సమస్యే అది, ఒక్క చెడ్డవాడూ లేకుండానే మనిషి పోతాడు. 1979లో అమెరికాలో రెండు కౌంటీల (మన జిల్లాల్లాంటివి) మరణాలు పక్కపక్కన పెట్టి చూశారు. శాన్ ఫ్రాన్సిస్కోలో గాయపడినవాళ్లనందర్నీ ఒకే పెద్ద ట్రామా ఆస్పత్రికి తీసుకెళ్లేవారు. ఆరెంజ్ కౌంటీలో దగ్గర్లో ఏది ఉంటే అక్కడికి. తలకి దెబ్బ కాకుండా వేరే గాయాలతో పోయినవాళ్లని చూస్తే ఆరెంజ్ కౌంటీలో సుమారు మూడింట రెండు వంతులు ఆపగలిగినవి లేదా ఆపడానికి వీలున్నవి అని తేలింది. శాన్ ఫ్రాన్సిస్కోలో అలాంటిది ఒకే ఒక్కటి. డాక్టర్లు అక్కడా చదువుకున్నవాళ్లే, ఇక్కడా చదువుకున్నవాళ్లే. తేడా అల్లా, ఎవర్ని ఎక్కడికి తీసుకెళ్లాలో ముందే అనుకోవడం.

దాని తర్వాత ఆరెంజ్ కౌంటీ కూడా పద్ధతి మార్చుకుంది.

రోడ్డుగీత:
నేను రోడ్లు డిజైన్ చేసే పనిలో ఉన్నాను. గేర్‌మార్చు గారి మొదటి మాట పూర్తిగా కొట్టిపారెయ్యొద్దు. డబ్ల్యూహెచ్‌వో లెక్కల్లో 2021లో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయినవాళ్లు ప్రపంచమంతా కలిపి 11.9 లక్షలు. 5 నుంచి 29 ఏళ్ల వాళ్లలో మరణాలకి మొదటి కారణం ఇదే. సగానికి పైగా నడిచేవాళ్లు, సైకిళ్లు, బైకుల మీద వెళ్లేవాళ్లు. రోడ్ల మీద సగటు వేగం 1 శాతం పెరిగితే ప్రాణం తీసే ప్రమాదాల అవకాశం సుమారు 4 శాతం పెరుగుతుంది. వేగం రెట్టింపైతే గుద్దే శక్తి నాలుగు రెట్లు. 50లో వెళ్తున్న బండి, డ్రైవరు కాలు బ్రేకు మీదకి వెళ్లే ఒక్క సెకనులో 14 మీటర్లు దాటేస్తుంది.

కానీ ‘డ్రైవర్ తప్పు’ దగ్గర ఆగిపోవడం నాకు నచ్చదు. మనిషన్నాక తప్పు చేస్తాడు. ఆ తప్పుకి మరణశిక్ష పడకుండా చూడటం రోడ్డు పని. స్వీడన్ పార్లమెంటు 1997లో ‘విజన్ జీరో’ అని తీసుకున్నది ఈ ఆలోచనే. ఎదురెదురు వాహనాల మధ్య వైరు కంచె, నాలుగు రోడ్ల చోట రౌండబౌట్, జనం తిరిగే చోట 30 కిలోమీటర్ల హద్దు. పక్క రోడ్డులోంచి కారు అంత వేగంతో మెయిన్ రోడ్డు మీదకి రాగలిగిందంటే, ఆ మలుపు గీసినవాడిని కూడా అడగాలి. నాలాంటివాడినే.

పాతసైకిల్:
హెల్మెట్ బెల్ట్ పెట్టుకోకపోవడం గురించి ఎవరూ మాట్లాడట్లేదేం?

రోడ్డుగీత:
మాట్లాడుకోవాలి, కానీ ఈ కేసులో ప్రాణం తీసింది తల కాదు కదా. మామూలుగా అయితే హెల్మెట్ మరణం ముప్పుని 40 శాతం దాకా, తల గాయాన్ని దాదాపు 70 శాతం తగ్గిస్తుంది, బిగించుకుంటేనే. వియత్నాంలో 2007 డిసెంబరులో బైక్ మీద ఉన్న అందరికీ తప్పనిసరి చేసి గట్టిగా అమలు చేస్తే వాడకం కొద్ది రోజుల్లోనే 90 శాతం దాటింది. ‘మనవాళ్లు మారరు’ అనే మాట అక్కడా అన్నారనే అనుకుంటా.

అడ్మిన్:
ఒక మనవి. ఆస్పత్రి పేరు, డాక్టరు పేరు ఎవరూ అడగొద్దు, పెట్టొద్దు. విడి మెసేజ్‌లో అడుగుతున్నారని ఫిర్యాదు వచ్చింది. చర్చ బాగా సాగుతోంది, ఇలాగే కానివ్వండి.

సైరన్‌బండి:
అంబులెన్స్ టెక్నీషియన్‌ని. రోడ్డు మీద ఆ 40 నిమిషాల సంగతి నేను చెప్తా, అది మా ముక్క.

మేం వెళ్లేసరికి చూసే దృశ్యం ఎప్పుడూ ఒకటే. ముప్పై మంది గుండ్రంగా నిలబడి ఉంటారు, అందులో పది మంది వీడియో. ఇద్దరు మంచివాళ్లు ఉంటారు, వాళ్లు చేసే సాయంలో సగం ప్రమాదం. కూర్చోబెట్టడం, నోట్లో నీళ్లు పొయ్యడం, చేతులూ కాళ్లూ పట్టి మూటలా ఎత్తడం. నీళ్లు పొయ్యకూడదు. స్పృహ తగ్గితే ఆ నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి, ఆపరేషన్‌కి మత్తు ఇచ్చేటప్పుడు కడుపులో ఉన్నది పైకి తన్నుతుంది. కాబట్టి అక్కా, మీ అమ్మగారికి చెప్పండి, నీళ్లు పొయ్యకపోవడం ఆ రోజు అక్కడ జరిగిన సరైన పని. దాహం తీర్చాల్సింది రక్తంతో, నీళ్లతో కాదు.

ఇంక మామూలు మనిషి చెయ్యగలిగినవి చాలా తక్కువ, అందుకే గుర్తుంటాయి. ముందు వెనక వచ్చే బండ్లు ఆపండి, లేకపోతే రెండో ప్రమాదం. ఫోన్ కొట్టి ఎన్ని బళ్లు, ఎంతమంది, ఎవరైనా ఇరుక్కున్నారా చెప్పండి. రక్తం చిమ్ముతుంటే గుడ్డ పెట్టి బరువంతా వేసి నొక్కండి, ఆగిందా అని మాటిమాటికీ తీసి చూడొద్దు. చెయ్యో కాలో నుంచి ఆగకుండా పోతుంటే గాయానికి నాలుగు వేళ్ల పైన, కీలు మీద కాకుండా, వెడల్పుగా బిగించి టైము రాసి పెట్టండి. ఒంట్లో గుచ్చుకున్నది పీకొద్దు. కప్పండి. ఇది అందరూ మర్చిపోతారు, రక్తం పోయే మనిషి ఎండాకాలంలో కూడా చల్లబడిపోతాడు, చల్లబడితే రక్తం గడ్డకట్టదు, గడ్డకట్టకపోతే ఇంకా పోతుంది.

పాతసైకిల్:
మెడ సంగతి? మెడ కదిపితే పక్షవాతం వస్తుందని అసలు ముట్టుకోవద్దంటారు కదా. హెల్మెట్ తియ్యొచ్చా?

సైరన్‌బండి:
ఊపిరి బాగా ఆడుతూ మాట్లాడుతుంటే కదపొద్దు, హెల్మెట్ కూడా తియ్యొద్దు. కానీ గురగురమంటూ ఊపిరి ఆడట్లేదనుకోండి, అప్పుడు మెడ కన్నా ఊపిరి ముందు. ఒకరు తలని రెండు చేతులతో నిలకడగా పట్టుకుంటే ఇంకొకరు మెల్లగా హెల్మెట్ లాగాలి, కింది దవడని ముందుకి నెట్టాలి. వెల్లకిలా పడి వాంతి చేసుకుంటే తల, ఒళ్లు కలిపి ఒక్కసారే పక్కకి తిప్పాలి. మెడ కాపాడాలని ముట్టుకోకుండా వదిలేస్తే, మెడ బాగానే ఉంటుంది, మనిషి ఉండడు. ఇలా పోయినవాళ్లని చూశాను.

అద్దంలోమనిషి:
నేను ఇక్కడ ఎప్పుడూ రాయను, చదివి వెళ్లిపోతుంటాను. ఇవాళ రాయాలనిపించింది. నాలుగేళ్ల క్రితం ఒక రాత్రి నా కారు ముందు ఒకాయన పడి ఉన్నాడు. నేను కొట్టలేదు. స్లో చేశాను, చెయ్యి కదిపాడు, చూశాను. పోలీసులు, కోర్టులు, నువ్వే కొట్టావంటే ఏం చెయ్యాలి, ఇవన్నీ ఐదు సెకన్లలో తిరిగాయి. వెళ్లిపోయాను. పది నిమిషాలు వెళ్లాక వెనక్కి తిప్పాను. అప్పటికే ఎవరో తీసుకెళ్లారు. ఏమయ్యాడో తెలీదు. అద్దంలో ఆ చెయ్యి ఇప్పటికీ కనిపిస్తుంది. నన్ను తిట్టండి, పర్లేదు. మీ తమ్ముడిని కారులో వేసుకున్న ఆయన నాకన్నా వెయ్యి రెట్లు నయం.

వానచినుకు:
తిట్టను అండీ. మా తమ్ముడి పక్కనుంచి వెళ్లిపోయిన కార్లలో మీలాంటివాళ్లే ఉండి ఉంటారు, వాళ్లని రాక్షసులనుకుంటూ వచ్చాను ఇన్నాళ్లూ. మీరు ఫోన్ అయినా చేసి ఉండాల్సింది. అది మాత్రం అంటాను.

సైరన్‌బండి:
సాయం చేసినవాడిని కేసులో ఇరికించకుండా కాపాడే చట్టాలు చాలా దేశాల్లో ఉన్నాయి. చట్టం ఉందని జనానికి తెలియకపోతే అది లేనట్టే, భయం మాత్రం అందరికీ తెలుసు. దిగడానికి భయమేస్తే కాస్త ముందుకెళ్లి ఆపి ఫోన్ చెయ్యండి. ఆ ఒక్క పనీ చాలాసార్లు మాకు పావుగంట మిగుల్చుతుంది.

గేర్‌మార్చు:
సరే, ఒక మామూలు డౌట్. గోల్డెన్ అవర్ అంటారు కదా, గంటలోపు తెస్తే బతుకుతాడు, దాటితే లేదు. ఈయన్ని గంటలోపే తీసుకెళ్లారుగా. మరి?

కొత్తసర్జన్:
మంచి ప్రశ్న అన్నా. ఆ మాట బాల్టిమోర్‌లో ట్రామా సెంటర్ పెట్టిన కౌలీ అనే సర్జన్ ప్రచారంలోకి తెచ్చాడు. త్వరగా వెళ్లాలనే ఉద్దేశం నిజమే కానీ సరిగ్గా 60 నిమిషాల దగ్గర గీత గీసే గట్టి ఆధారం తర్వాత వెతికినవాళ్లకి దొరకలేదు. ఊపిరితిత్తి పక్కన గాలి బిగదీసుకుపోయినవాడికి గంట కాదు, నిమిషాలే ఉంటాయి. అక్కడికక్కడ సూది గుచ్చి గాలి వదలాలి. మెల్లగా రక్తం పోయేవాడికి మూడు గంటలుండొచ్చు. అసలు గడియారం ఆస్పత్రి గేటు దగ్గర ఆగదు, రక్తం ఆగినప్పుడు ఆగుతుంది. గంటలో గేటు దాటించి, లోపల రెండు గంటలు తలకి స్కాన్ చూస్తూ కూర్చుంటే గోల్డెన్ అవర్ ఏం చేస్తుంది పాపం.

ఇంకోటి చెప్పాలి, ఇది తెలిస్తే కోపమొస్తుంది. ట్రానెక్సామిక్ యాసిడ్ అని ఒక మందుంది, గడ్డకట్టిన రక్తం కరిగిపోకుండా ఆపుతుంది. జపాన్‌లో ఒకామోటో దంపతులు 1960ల మొదట్లో కనిపెట్టారు, ఆవిడ ధ్యాసంతా కాన్పు తర్వాత రక్తం పోయి చనిపోయే తల్లుల మీదే. 2010లో క్రాష్-2 అనే పెద్ద పరీక్ష ఫలితాలొచ్చాయి, 40 దేశాలు, 20,000 మందికి పైగా గాయపడినవాళ్లు. మరణాలు 16 శాతం నుంచి 14.5 శాతానికి తగ్గాయి. చిన్న తేడాలా ఉంటుంది, కానీ ఆ లెక్కని లక్షలకి వేసి చూడండి. గాయమైన మొదటి గంటలో ఇస్తే మేలు ఎక్కువ, 3 గంటలు దాటాక ఇస్తే కీడే. ఖరీదైన మందు కాదు, ఫ్రిజ్ కూడా అక్కర్లేదు. ఐనా ఎన్ని చోట్ల సమయానికి ఇస్తున్నారు చెప్పండి.

పాతసైకిల్:
ఇవన్నీ డబ్బున్న దేశాల మాటలు. లేని చోట?

సైరన్‌బండి:
డబ్బు లేని చోటే పెద్ద తేడా వచ్చింది సార్. ఉత్తర ఇరాక్, కంబోడియా పల్లెల్లో, మందుపాతరలు పేలే చోట, 1990ల చివర్లో ఊరివాళ్లకే మొదటి సాయం నేర్పారు, వేల మందికి. వాళ్ల పైన కొంచెం ఎక్కువ నేర్చిన కొద్దిమంది ఆరోగ్య కార్యకర్తలు. కొత్త హాస్పిటల్ లేదు, హెలికాప్టర్ లేదు. అంతకుముందు 40 శాతం ఉన్న మరణాలు ఐదేళ్లలో 15 శాతానికి దిగాయి. ఘనాలో అయితే 335 మంది ట్యాక్సీ, బస్సు డ్రైవర్లకి ఆరు గంటల క్లాసు చెప్పారు, ఎందుకంటే అక్కడ గాయపడినవాడిని మోసేది వాళ్లే.

కొత్తసర్జన్:
1998లో వచ్చిన ఒక పోలిక కూడా చూడండి. గట్టిగా గాయపడిన పెద్దవాళ్లలో చనిపోయినవాళ్లు ఘనా కుమాసీలో 63 శాతం, మెక్సికో మోంటెర్రేలో 55, అమెరికా సియాటిల్‌లో 35. అవే గాయాలు. గాయం చంపేది 35 మందినైతే, మిగతావాళ్లని చంపింది ఏంటి?

నైట్‌డ్యూటీ:
నేనొక మాట అంటాను, నా పక్క నుంచి. అర్ధరాత్రి ఆ చిన్న ఆస్పత్రిలో ఉన్నది బహుశా ఒక్క జూనియర్ డాక్టరు, ఇద్దరు నర్సులు. పదిహేను మంది పేషెంట్లు. కడుపు మీద అల్ట్రాసౌండ్ ప్రోబ్ పెట్టి చూస్తే మూడు నాలుగు నిమిషాల్లో రక్తం ఉందో లేదో తెలిసిపోతుంది. కానీ మెషీన్ గదికి తాళం, తాళంచెవి ఉన్న మనిషి ఇంట్లో నిద్ర. ఇలాంటి రాత్రులు నేనూ గడిపాను. ఒకసారి ఒక కుర్రాడి పల్స్ పెరుగుతోందని మూడుసార్లు చెప్పాను, నొప్పికి అయ్యుంటుంది అన్నారు, నాలుగోసారి చెప్పడానికి మొహమాటపడ్డాను. అది నా లెక్కలోనే ఉంది, ఎప్పటికీ.

గేర్‌మార్చు:
ఆ కుర్రాడు?

నైట్‌డ్యూటీ:
లేడు.

వానచినుకు:
అక్కా, మీరు రాసినవన్నీ చదివి రాత్రి ఫైలు తీశాను. ఇన్నాళ్లూ ముట్టుకోలేకపోయాను. చేరగానే రాసిన షీటులో బీపీ 110/70, పల్స్ 128 అని ఉంది. ఆ కింద గంట తర్వాత రాయాల్సిన గడులు రెండూ ఖాళీ. తర్వాత ఉన్నది ఒక్కసారే, బీపీ దగ్గర గీత, ‘రిఫర్డ్’ అని. 128 అంటే?

కొత్తసర్జన్:
అక్కా, 128 అంటే అప్పటికే లీటరుకి పైగా పోయి ఉండొచ్చు. 110/70 చూసి ధైర్యపడ్డారు. ఆ రెండు ఖాళీ గడుల్లో బీపీ పడటం మొదలై ఉంటుంది, చూసినవాళ్లు లేరు.

మీకు చెయ్యాలనుంటే, కేసు వెయ్యడం ఒక దారి, దాని సంగతి లాయరు చెప్పాలి. ఇంకో దారి, ఆ ఆస్పత్రిని మరణ సమీక్ష చెయ్యమని రాతపూర్వకంగా అడగడం. కేసు కాగితాలు ముందు పెట్టుకుని వేరే చోటి సర్జన్, ఎమర్జెన్సీ డాక్టరు, నర్సు కూర్చుని ‘ఈ మరణం ఆపగలిగేదా, ఏ నిమిషంలో’ అని చూస్తారు. డబ్ల్యూహెచ్‌వో 2009లోనే దీని పద్ధతి రాసి పెట్టింది. ఎవరు అన్నది కాదు అక్కడ ప్రశ్న, ఏది లేకపోయింది అన్నది. చేసేవాళ్లు తక్కువ, అడిగేవాళ్లు ఇంకా తక్కువ.

గేర్‌మార్చు:
నేను మొదట్లో అన్నది వెనక్కి తీసుకోను, కారువాడిది తప్పే. కానీ ఆ ఖాళీ గడులు కూడా తప్పే.

వానచినుకు:
అడుగుతాను. ఉత్తరం రాసి ఇక్కడ పెడతా, పేర్లు తీసేసి, తప్పులుంటే దిద్దండి.

అమ్మ ఇవాళ కూడా పొద్దున్నే అడిగింది, నీళ్లు ఎందుకు పొయ్యలేదే వాడికి అని. సైరన్‌బండి గారి మాటలు చదివి వినిపించాను. ఏం మాట్లాడలేదు. కాసేపయ్యాక, పోస్తే ఇంకా కష్టపడేవాడా అంది. అవునమ్మా అన్నాను.

నైట్‌డ్యూటీ:
మంచి పని చేశారు. ఉత్తరం ఇచ్చే ముందు ఆ షీటు రెండు జెరాక్సులు తీసి పెట్టుకోండి, ఒరిజినల్ మాత్రం ఎవరి చేతికీ ఇవ్వొద్దు.